పిల్లల్ని చంపే మగ ఎలుగులు, ఊళ్ళ పక్కన చేరే తల్లులు

2024 జూలైలో అలాస్కాలోని కాట్‌మాయ్ నేషనల్ పార్కులో, బ్రూక్స్ జలపాతం దగ్గరి లైవ్ కెమెరా చూస్తుండగానే, నీళ్ళు కొట్టుకొచ్చి కిందికి తోసేసిన రెండు ఎలుగు పిల్లల మీద ఒక భారీ మగ ఎలుగుబంటి పడింది. దాని పేరు చంక్, బరువు ఐదు వందల కిలోల పైమాటే. తల్లి గ్రేజర్ దానికన్నా బాగా చిన్నది, అయినా తిరగబడి తరిమింది కానీ ఒక పిల్ల దక్కలేదు. ఆ వీడియో మా బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వచ్చినప్పుడు ఒకాయన "దానికి పిచ్చెక్కింది" అన్నాడు, ఇంకొకావిడ "సొంత పిల్లల్నే చంపుకుంటాయా, ఛీ" అంది.

ఆ ఒక్క దాడి సంగతి పక్కన పెడదాం. బ్రౌన్ ఎలుగుల్లో మగవి పిల్లల్ని చంపడం పిచ్చి కాదు, చాలావరకు అవి సొంత పిల్లలూ కావు.

ఆడ ఎలుగు పిల్లల్ని ఒంటరిగా ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు సాకుతుంది, తండ్రి చెయ్యి వెయ్యడు. పిల్లలు వెంట ఉన్నంతకాలం ఎదకు రాదు. అంటే మగదానికి రెండేళ్ళ నిరీక్షణ. అదే మే నుంచి జూలై దాకా సాగే జత కట్టే కాలంలో ఆ పిల్లలు చనిపోతే, తల్లి కొద్దిరోజుల్లోనే ఎదకొస్తుంది, జనవరిలో గుహలోనే మళ్ళీ ఈనుతుంది. స్వీడన్‌లో చనిపోయిన పిల్లల డీఎన్ఏ తీసి చూస్తే, చంపిన మగది వాటి తండ్రి కాదు, తర్వాతి ఈత మాత్రం ఎక్కువగా దానిదే. దీన్ని క్రూరత్వం అనాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ ఇలా చేసే మగవాటికే ఎక్కువ సంతానం మిగిలితే, ఆ గుణం తరాలపాటు కొనసాగుతుంది, దానికి ద్వేషం అక్కర్లేదు.

ఈ ఆలోచనకి మూలం అలాస్కాలోనో స్వీడన్‌లోనో లేదు, బెంగళూరు నుంచి రైలెక్కితే చేరే ధార్వాడలో ఉంది. 1960ల మొదట్లో యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త అక్కడ కొండముచ్చుల్ని గమనిస్తూ, మందని కొత్త మగది ఆక్రమించాక చంటిపిల్లలు హతమవడం రాసిపెట్టాడు. 1970లలో అమెరికన్ శాస్త్రవేత్త సారా హర్డీ మౌంట్ ఆబూలో అదే చూసి, ఇది మగవాటి సంతానోత్పత్తి ఎత్తుగడ అంది. చాలామంది ఒప్పుకోలేదు, జంతువులు ఒకేచోట కిక్కిరిసిపోవడం వల్ల పుట్టిన వికారమని కొట్టిపారేశారు. తర్వాత సింహాల్లో, ఎలుగుల్లో కూడా అదే కనబడింది.

మరి తల్లి ఊరుకుంటుందా? ఒకే ఎదలో రెండు మూడు మగవాటితో జత కడుతుంది, ఎవరి పిల్లలో తేలనివ్వదు. ఒకే ఈతలోని పిల్లలకి వేర్వేరు తండ్రులు ఉండడం కూడా కద్దు. ఇంకా తమాషా ఏంటంటే, స్వీడన్‌లో పిల్లల తల్లులు జత కట్టే కాలంలో మనుషుల ఇళ్ళకి దగ్గరగా మసులుతాయి. మగ ఎలుగులు మనుషులకి భయపడి అటు రావు కాబట్టి, మనమే వాటికి కాపలా. 2016లో ఈ పరిశోధన వచ్చింది. ఊరి పక్కన పిల్లలతో ఎలుగు కనిపిస్తే తిండి కోసమే వచ్చిందని అనుకోనక్కర్లేదన్నమాట.

మన అడవుల్లోని ఎలుగు, అంటే స్లాత్ బేర్, కథ వేరు, దాని కోపానికి కారణమూ వేరు. బన్నేరుఘట్ట సఫారీ బస్సులోంచి చూస్తే సోమరిగా కనిపిస్తుంది గానీ, ఉద్దానం జీడితోటల్లో పని చేసే మా శ్రీకాకుళం వాళ్ళని అడగండి. పులితో, చిరుతతో కలిసి పెరిగిన జాతి అది. చెట్టెక్కినా చిరుత వస్తుంది, పైగా పిల్లలు వీపు మీదే సవారీ. అందుకే ఎదురుగా ఎవరైనా హఠాత్తుగా తగిలితే పారిపోకుండా ముందే మీద పడుతుంది. అలాంటి చోట్ల గట్టిగా మాట్లాడుకుంటూ నడవడం మంచిది, దానికి మనం ముందే తెలిస్తే చాలావరకు అదే తప్పుకుంటుంది.

మళ్ళీ స్వీడన్‌కి వస్తే, అక్కడ వేట చట్టబద్ధం, మనుషుల పాత్ర ఇక్కడ చిక్కుపడుతుంది. ఒక పెద్ద మగదాన్ని కాలిస్తే పిల్లలకి ఒక శత్రువు తగ్గిందని మనం లెక్కేస్తాం. జరిగేది తలకిందులు. ఖాళీ అయిన చోటులోకి పక్క మగవి జరుగుతాయి, అక్కడి పిల్లలు వాటివి కావు. ఆ మగది చనిపోయిన ఏడాదిన్నర తర్వాత పిల్లల చావులు పెరగడాన్ని ఎలుగుల పరిశోధకుడు జాన్ స్వెన్సన్ బృందం 1997లోనే చూపించింది.

ఇంకో మలుపు కూడా ఉంది. పిల్లలున్న తల్లిని కాల్చకూడదని స్వీడన్ చట్టం, అందువల్ల ఒంటరి ఆడది తూటాకి బలయ్యే అవకాశం సుమారు నాలుగు రెట్లు. 2005లో 7 శాతం తల్లులు పిల్లల్ని అదనంగా ఇంకో ఏడాది వెంట ఉంచుకుంటే, 2015 నాటికి అది 36 శాతమైంది. పిల్లల్ని ఎక్కువకాలం సాకే ఈ తల్లుల ఈతలు తగ్గుతాయి, కానీ వేటగాళ్ళ చేతిలో చావకుండా ఎక్కువేళ్ళు బతుకుతాయి.