గుండె మాత్ర వెనిగర్ వాసన కొడుతుంటే

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "నాన్నగారి ఆస్ప్రిన్ మాత్రలు నెలకు సరిపడా స్ట్రిప్‌లోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసి వంటగదిలో పెడతాను. మూత తీస్తే వెనిగర్ వాసన వస్తోంది. ఎక్స్‌పైరీకి ఇంకా ఏడాది ఉంది, వేయొచ్చా?"

వద్దండీ. ఆ డబ్బాలోవి పారేసి ఇవాళే కొత్త స్ట్రిప్ తెచ్చుకోండి, ఎందుకంటే ఆయన మాత్ర ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఆ వాసన నిజంగా వెనిగర్‌దే. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధంగా తయారుచేసిన ఆస్ప్రిన్ అంటే సాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటైల్ అనే చిన్న పరమాణువుల గుంపు తగిలించిన పదార్థం. నీటి అణువు వచ్చి ఆ బంధాన్ని తెంపితే ఒకవైపు సాలిసిలిక్ ఆమ్లం, ఇంకోవైపు ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, మిగులుతాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, రక్తంలో ప్లేట్‌లెట్లు గడ్డకట్టకుండా ఆపేది ఆ ఎసిటైల్ గుంపే. ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమ్‌కు అది అంటుకుని, ఆ ప్లేట్‌లెట్ బతికున్నంత కాలం దాన్ని పనిచేయనివ్వదు. మీ డబ్బాలోంచి వాసనగా పోతున్నది ఆ పనిచేసే భాగమే. ఇలా నీరు బంధాన్ని తెంపడాన్నే ఇంటర్ కెమిస్ట్రీలో ఎస్టర్ జలవిశ్లేషణ అని సమీకరణం బట్టీ పట్టిస్తారు గానీ, పాత ఆస్ప్రిన్ సీసా ఒకటి తెచ్చి పిల్లల చేత వాసన చూపిస్తే జన్మలో మరిచిపోరు!

మరి నీళ్లెక్కడివి? గాలిలోవే. మాత్రలో మందొక్కటే ఉండదు, కడుపులో పడగానే నీళ్లు పీల్చి ఉబ్బి మాత్రను పగలగొట్టడానికి పిండిపదార్థం లాంటివి కావాలనే కలుపుతారు. దాహమే వాటి ఉద్యోగం. కడుపులో నీళ్లకూ బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే తడిగాలికీ వాటికి తేడా తెలియదు, ఏది దొరికితే అది పీల్చేస్తాయి. మాత్ర మీద కంటికి కనపడనంత పలుచటి నీటిపొర ఏర్పడుతుంది, అందులో కొంత ఆస్ప్రిన్ కరుగుతుంది, కరిగింది విరుగుతుంది. బాగా పాడైన మాత్ర మీద సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు కూడా మొలుస్తాయి. ఎక్స్‌పైరీ తేదీ సీలు తీయని ప్యాక్‌కే. కంపెనీలు 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పరీక్షించేది ప్యాక్‌తో సహా. స్ట్రిప్‌లోంచి తీసిన మాత్రకు ఆ తేదీ వర్తించదు.

అయితే ఫ్రిజ్‌లో పెడదామంటారు చాలామంది, ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా నిలవుంటుందని మనకో గట్టి నమ్మకం. విశాఖలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున సుమారు 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు చెమరుస్తుంది. ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారేది ఇందుకే. ఇక ఐదు డిగ్రీల నుంచి బయటికొచ్చి, రోజూ మూత తెరిపించుకునే డబ్బా సంగతి చెప్పాలా! ఫ్రిజ్‌లో పెట్టమని లేబుల్ మీద ఉన్నవే అందులో పెట్టాలి. మిగతావి స్ట్రిప్‌లోనే, పడకగది బీరువాలో, పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. సీసాలో వచ్చే సిలికా జెల్ పొట్లం పారేయకండి.

ఇన్సులిన్ కథ వేరు, తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఇంటింటా ఇదే టెన్షన్. అలాంటప్పుడు ఇన్సులిన్‌ను తడి మట్టికుండలో పెట్టడం మంచి ఉపాయమే, కానీ నీరు ఆవిరైతేనే కుండ చల్లబడుతుంది. అనంతపురంలో 40 డిగ్రీల పొడి ఎండలో, తేమ 20 శాతం ఉన్నప్పుడు, అది 22 దాకా దిగగలదు, మన దగ్గర పైన చెప్పిన గాలిలో 28 దగ్గరే ఆగిపోతుంది. తెరిచి వాడుతున్న ఇన్సులిన్‌ను చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు వాడొచ్చు కాబట్టి (మీది ఏ రకమో లోపలి కాగితంలో చూడండి) దానికి కుండ చాలు. తెరవని వాటికి మాత్రం ఐస్ వేసిన ఫ్లాస్క్ కావాలి, ఐస్ తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి.