బోరు పాయింటు నుంచి బుర్ర దాకా

కళ్యాణదుర్గం వైపు మా మామ చేనులో బోరు పాయింటు పెడుతుంటే నేనూ వెళ్లాను. అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగే ఆయన అంతకు ముందే వచ్చి చూసి పోయాడు. ఈసారి వచ్చింది మీటరున్న జియాలజిస్టు. వరుసలో నాలుగు ఇనుప కడ్డీలు సుత్తితో దిగ్గొట్టాడు. నేల ఎండి పెళ్లలు లేస్తోంది, అందుకని ఒక్కో కడ్డీ మొదట్లో చెంబుతో నీళ్లు పోయించాడు. బయటి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. బయటి వాటిని దూరం జరిపేకొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది. ఎండు గ్రానైటులో కరెంటు పారదు, నీళ్లు నిండిన పగుళ్లలో పారుతుంది. ప్రతి రీడింగుకీ మామది ఒకటే ప్రశ్న: "ఏం సార్, నీళ్లుండాయా?"

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయనకే చెయ్యి తిమ్మిరెక్కితే అనంతపురంలో తలకు ఎమ్మారై తీయించాం. ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తూ, "దీంట్లో కరెంటు యాడ బాగా పారతాదో కనపడతాదా?" అన్నాడు. నవ్వేశాను. తర్వాత చదివితే తెలిసింది, అది నవ్వాల్సిన మాట కాదని.

మెదడు వాహకత, అంటే దాంట్లో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్న కథ, నిజంగానే భూమిలో మొదలైంది. 1911లో కాన్రాడ్ ష్లంబర్గర్ పారిస్ గనుల కాలేజీలో ఒక రాగి స్నానపు తొట్టిని ఇసుకతో నింపి కరెంటు పంపి చూశాడు. మరుసటి ఏడు నార్మండీ పొలాల్లో అదే పని చేశాడు. మా మామ చేనులో కడ్డీలకు మూలపురుషుడు ఆయనే. 1940లలో అల్బెర్టో కాల్డెరాన్ అర్జెంటీనా ప్రభుత్వ చమురు కంపెనీలో ఇంజినీరు. నేల పైన మాత్రమే కొలిచి, లోపల ఎక్కడ ఎంత వాహకత ఉందో కచ్చితంగా చెప్పగలమా అన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. ఉద్యోగం వదిలి పెద్ద గణితవేత్త అయ్యాక, 1980లో గానీ దాన్ని అచ్చుకివ్వలేదు. అదే కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్బర్, బ్రౌన్ ఒంటి చుట్టూ ఎలక్ట్రోడ్లు అతికించి లోపలి చిత్రం గీయడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులకు ఈ పద్ధతి బాగానే కుదిరింది. తల దగ్గరికొచ్చేసరికి పుర్రె అడ్డుపడింది.

పుర్రె మన గ్రానైటు లాంటిదే. దాని నిరోధకత సుమారు 100 ఓమ్-మీటర్లు. దాని కిందే, మెదడు చుట్టూ ఉండే సీఎస్ఎఫ్ అనే ద్రవానిది అర ఓమ్-మీటరు పైచిలుకు మాత్రమే. బయటి నుంచి పంపిన కరెంటులో చాలా భాగం తల చర్మం వెంటే జారిపోతుంది. 1968లో రష్, డ్రిస్కాల్ అనే ఇద్దరు మెదడు కంటే పుర్రె 80 రెట్లు ఎక్కువ అడ్డుకుంటుందని లెక్క చెప్పారు. ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు కరెంటును కొలిచే పరీక్ష, దాని పరిశోధకులు దశాబ్దాల పాటు ఆ 80నే వాడుకున్నారు. 2000లో ఊస్టెన్‌డోర్ప్ బృందం మళ్లీ కొలిస్తే 15 వచ్చింది! ఫిట్స్ మెదడులో ఏ మూల మొదలవుతున్నాయో ఈఈజీని బట్టి లెక్కకట్టేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. మనిషి మనిషికీ పుర్రె మారుతుంది, అందరికీ ఒకే అంకె పెట్టడమే అసలు చిక్కు.

పుర్రెను తప్పించుకునే దారి ఎమ్మారైలో దొరికింది. 1989లో టొరంటోలో జాయ్, స్కాట్, హెంకెల్‌మన్ ఒంట్లోకి కరెంటు పంపి, అది పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని స్కానర్‌తోనే పట్టుకున్నారు. కొరియాలో ఊ, సియో బృందాలు దీన్ని చాలా దూరం తీసుకెళ్లాయి. కానీ బతికున్న మనిషి తలలోకి ఎన్ని మిల్లీఆంపియర్లని పంపుతాం?

1991లో హాకే, ఆయన సహచరులు ఇంకో మాటన్నారు: బయటి కరెంటే అక్కర్లేదు. ఎమ్మారై మిషన్ ఎలాగూ తలలోకి రేడియో తరంగం పంపుతుంది, 3 టెస్లా మిషన్‌లో దాదాపు 128 మెగాహెర్ట్జ్. ఉప్పునీటితో నిండిన కణజాలంలో ఆ తరంగం చిన్న చిన్న సుడి కరెంట్లను పుట్టిస్తుంది. వాటివల్ల తరంగం ఫేజు, అంటే అల ఎగుడుదిగుళ్లలో ఏ దశలో ఉందో అది, చోటు చోటుకీ కొద్దిగా వంగుతుంది. ఆ వంపును కొలిస్తే వాహకత తేలుతుంది. ఆలోచన అలాగే ఉండిపోయి, 2009లో హాంబర్గ్‌లోని ఫిలిప్స్ పరిశోధకుడు కాచెర్ బృందం చేతిలో పనికొచ్చే పద్ధతి అయింది. పేరు ఈపీటీ (ఎలక్ట్రికల్ ప్రాపర్టీస్ టోమోగ్రఫీ). గ్లియోమా అనే మెదడు కణితుల్లో వాహకత చుట్టూ ఉన్న తెల్ల పదార్థం కంటే ఎక్కువగా కనిపించడంతో ఆసక్తి పెరిగింది.

ఇబ్బందులూ ఉన్నాయి. వంపు తెలియాలంటే లెక్కలో రెండుసార్లు అవకలనం (చోటు చోటుకీ మార్పు ఎంతో తీయడం) చేయాలి, అప్పుడు చిత్రంలోని చిన్న నలక కూడా పెద్ద గోల అవుతుంది. బూడిద పదార్థం, తెల్ల పదార్థం, ద్రవం కలిసే అంచుల్లో అంకెలు తారుమారవుతాయి. మెదడేమో నిండా ముడతలు, అంటే నిండా అంచులే. ఇంకో పేచీ ఫ్రీక్వెన్సీది. ఎర్ర రక్తకణం పొర మందం సుమారు 3 నానోమీటర్లని 1925లోనే హ్యూగో ఫ్రికె కరెంటుతోనే అంచనా కట్టాడు. ఆ పొర తక్కువ ఫ్రీక్వెన్సీని ఆపుతుంది, 128 మెగాహెర్ట్జ్‌ను దాటనిస్తుంది. కాబట్టి ఈపీటీ ఇచ్చిన అంకెను తీసుకెళ్లి, తక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచే ఈఈజీ లెక్కలో నేరుగా పెట్టడానికి వీల్లేదు. నా మటుకు అంచుల గోల కన్నా ఇదే పెద్ద అడ్డంకి.

మామూలు ఎమ్మారైలో ప్రతి చుక్కకూ రెండు అంకెలు వస్తాయి: సిగ్నల్ ఎంత గట్టిగా ఉంది, దాని ఫేజు ఎంత. మామూలుగా రిపోర్టుకు మొదటిదే వాడి రెండోదాన్ని వదిలేస్తారు. మామ తల వల్ల వంగిన ఫేజు కూడా ఆ రోజు మిషన్‌లో పుట్టే ఉంటుంది. ఫిల్ము మీదికి మాత్రం రాలేదు.