పరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి: పిల్లల్లో సీలియాక్ వ్యాధిపై అపోహలు - వాస్తవాలు

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల, జన్యుపరంగా అవకాశమున్న పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ వారి చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. ఇదే సీలియాక్ వ్యాధి. పోషకాలను పీల్చుకునే ఆ పొర పలచబడటంతో బిడ్డ తిన్నది ఒంటబట్టదు.

అపోహ: విరేచనాలు లేకపోతే ఈ వ్యాధి లేనట్టే.

వాస్తవం: గోధుమ తినిపించడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు విడవని విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పెరగని బరువు, ఎప్పుడూ చిరాకు కనిపించడం రెండేళ్లలోపు పిల్లల్లో తరచుగా చూసే తీరు. అయితే మలబద్ధకం, ఐరన్ మందు వాడినా తగ్గని రక్తహీనత, వయసుకు తగినంత పెరగని ఎత్తు మాత్రమే కనిపించే పిల్లలూ ఉంటారు. తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఈ వ్యాధి ఉన్నా, బిడ్డకు టైప్ 1 మధుమేహం లేదా డౌన్ సిండ్రోమ్ ఉన్నా, లక్షణాలు లేకపోయినప్పటికీ పరీక్ష చేయించడం మంచిది.

అపోహ: గోధుమ మాన్పించి చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: వైద్యుడిగా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇది. గ్లూటెన్ ఆపగానే రక్తంలో ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) క్రమంగా తగ్గుతాయి, పేగు కోలుకోవడం మొదలవుతుంది. ఆ తరువాత చేసిన పరీక్ష వ్యాధి ఉన్నా లేదని చెప్పవచ్చు. అప్పుడు నిర్ధారణ కోసం, కాస్త తేరుకున్న బిడ్డకే మళ్లీ వారాల తరబడి గోధుమ తినిపించవలసి వస్తుంది. అందుకే మామూలు ఆహారం కొనసాగిస్తూనే ఆ యాంటీబాడీలను కొలిచే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్షను, దానితోపాటు రక్తంలో ఐజీఏ అనే యాంటీబాడీ రకం మొత్తం పరిమాణాన్ని చూడాలి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో టీటీజీ-ఐజీఏ పరీక్ష ఒక్కటే చేస్తే వ్యాధి బయటపడకపోవచ్చు. నిర్ధారణకు చాలామందికి ఎండోస్కోపీ (నోటి ద్వారా పంపే సన్నని కెమెరా గొట్టం) ద్వారా తీసిన పేగు ముక్క పరీక్ష అవసరమవుతుంది. అయితే టీటీజీ సాధారణ పరిమితికి 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఈ వ్యాధిని సూచించే ఎండోమైసియల్ అనే మరో యాంటీబాడీ కూడా కనిపిస్తే, ఆ ముక్క పరీక్ష లేకుండానే నిర్ధారించవచ్చని 2020 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు అంగీకరించాయి.

అపోహ: తల్లి తొందరపడి గోధుమ పెట్టడం వల్లే వచ్చింది.

వాస్తవం: ఈ నిందను ఏ తల్లీ మోయనక్కర లేదు. గ్లూటెన్‌ను ఆలస్యంగా ఇచ్చినంత మాత్రాన వ్యాధి ఆగదని పరిశోధనలు తేల్చాయి.

అపోహ: బాగయ్యాక కొద్దిగా తినవచ్చు.

వాస్తవం: లక్షణాలు తగ్గినా గ్లూటెన్‌కు జీవితాంతం దూరంగా ఉండవలసిందే, ఎందుకంటే పైకి ఏ బాధా కనిపించకుండానే పేగు మళ్లీ దెబ్బతినవచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని గ్లూటెన్ ఉన్నదే గ్లూటెన్ రహిత ఆహారం. కనుక పిండి అంటిన పాత్రలు, జల్లెడలు కూడా వేరుగా ఉంచాలి. పాలు మాత్రం శాశ్వతంగా మానవలసిన పని సాధారణంగా ఉండదు. మొదట్లో పడకపోయినా, పేగు కోలుకున్నాక చాలామంది పిల్లలకు అవి తిరిగి అరుగుతాయి.