ఎలుగు ఆకలి రోజులు: ఎల్లోస్టోన్ నియమాల వెనకున్న కథ

సెప్టెంబర్ మూడో వారం దాటితే అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో రద్దీ పలచబడుతుంది. పిల్లలకు బడులు మొదలైపోయి ఉంటాయి. పార్కు లోపలి హోటళ్లు, దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడతాయి. వేసవి కోసం తీసుకున్న సిబ్బందిలో చాలామంది వెళ్లిపోతారు. ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. డెన్వర్, సియాటెల్, సాల్ట్ లేక్ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లలో కూడా ఈ రోజుల కోసమే ఎదురుచూసేవాళ్లున్నారు. జనం ఉండరు, చలి ఇంకా ముదరదు, కాలిబాటలు ఖాళీగా ఉంటాయి. ఏ అక్టోబర్ రాత్రో సన్నగా మంచు పడిందంటే ఇంకో ధైర్యం కూడా వచ్చేస్తుంది: ఎలుగుబంట్లు ఈపాటికి నిద్రకు వెళ్లిపోయి ఉంటాయిలే అని.

ఆ ధైర్యం తప్పు. మొదటి మంచు పడగానే గ్రిజ్లీ ఎలుగు గుహలో దూరిపోదు. కడుపుతో ఉన్న ఆడవి ముందు వెళ్తాయి. మగవాటిలో కొన్ని డిసెంబర్ తొలి రోజుల దాకా బయటే తిరుగుతుంటాయి. పైగా ఏడాది మొత్తం మీద వాటికి బాగా ఆకలేసే రోజులు ఇవే. దాదాపు ఐదు నెలలు తిండీ నీళ్లూ ముట్టకుండా గడపాలి కాబట్టి వేసవి చివరి నుంచే వాటికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. రోజుకు 20,000 కేలరీల దాకా తినగలవు. ఆడ ఎలుగుకైతే ఇది ఇంకా పెద్ద విషయం. వేసవి తొలి రోజుల్లో జతకట్టినా పిండం గర్భసంచిలో వెంటనే కుదురుకోదు, ఆగి ఉంటుంది. చలికాలం వచ్చేనాటికి తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు చేరితేనే అది నిలుస్తుంది. అంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆ తల్లి తినే ప్రతి కాయా, ప్రతి దుంపా వచ్చే వసంతంలో పిల్లలుంటాయా లేదా అన్నదాన్ని తేలుస్తుంది. మనం సరదాగా నడవడానికి వెళ్లే కొండ మీద దానికి జరుగుతున్న పని అది.

పార్కు గేటు దగ్గర ఇచ్చే కాగితంలో నియమాలుంటాయి. ఎలుగుకు 100 గజాల దూరంలో ఉండండి, తిండి బయట వదలొద్దు, ముగ్గురు నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడవండి, బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే ఘాటు మందు) వెంట ఉంచుకోండి. చాలామంది వాటిని మడిచి కారులో పడేస్తారు. ఆఫీసులో కూర్చుని ఎవరో రాసిన రూల్సులా కనిపిస్తాయి మరి. నేను వాటిని అలా చూడలేను. ఇవి వందేళ్ల పైబడిన తప్పుల నుంచి వచ్చినవి, వాటి కోసం మనుషులూ పోయారు, ఎలుగులూ పోయాయి.

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. హోటళ్లు వచ్చాయి, హోటళ్లతో పాటు ఎంగిలి తిండి వచ్చింది. దాన్ని దగ్గర్లోనే గుట్టగా పోసేవారు. ఎలుగులు అక్కడికి చేరాయి, వాటిని చూడ్డానికి జనం చేరారు. కొన్నాళ్లకు అదే పార్కులో ప్రధాన వినోదమైపోయింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ‘భోజనశాల, ఎలుగులకు మాత్రమే’ అనే అర్థం వచ్చే బోర్డు పెట్టారు. కాన్యన్ దగ్గర ఓటర్ క్రీక్‌లో జనం కూర్చోవడానికి మెట్ల వరసలు కట్టారు. సాయంత్రం చెత్త తెచ్చి పోస్తే గ్రిజ్లీలు అడవిలోంచి దిగి వచ్చేవి. రేంజరు గుర్రం మీద కూర్చుని వాటి గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. రోడ్ల మీద నల్ల ఎలుగులు కార్ల కిటికీల దగ్గర నిలబడి చేయి చాపేవి. జనం శాండ్‌విచ్ అందించి ఫొటో తీసుకునేవారు.

ఇది వింటే మన పెద్దవాళ్లకు ఒకటి గుర్తొస్తుంది. ఊళ్లోకి ఎలుగుబంటిని ఆడించేవాడు వచ్చేవాడు. దాని వెంట్రుకతో తాయెత్తు కట్టించుకునేవారు, భయం పోవాలని పసిపిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. ఆ ఎలుగు ముక్కుకు తాడుండేది. ఎల్లోస్టోన్ ఎలుగుకు తాడు లేదు. చూసే జనం మాత్రం తాడున్నట్టే ప్రవర్తించారు.

లెక్క చూడండి. 1931 నుంచి 1969 దాకా ఎల్లోస్టోన్‌లో ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. కార్లు, గుడారాలు పాడైన ఘటనలు ఏటా 100కు పైనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ మెట్ల ప్రదర్శనలు ఆగిపోయాయి. చెత్తగుట్టలు మాత్రం ఆగలేదు.

ఆలోచన మారడానికి కారణం ఇంకో పార్కులో గడిచిన ఒక రాత్రి. మొంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు 1910లో మొదలైంది. 57 ఏళ్లలో అక్కడ గ్రిజ్లీ ఒక్క మనిషినీ చంపలేదు. 1967 ఆగస్టు 13న, అర్ధరాత్రి దాటాక కొన్ని గంటల తేడాలో, కొన్ని మైళ్ల దూరంలో, వేర్వేరు ఎలుగులు ఇద్దరు అమ్మాయిల్ని చంపాయి. ఇద్దరికీ 19 ఏళ్లే. ఒకరు గ్రానైట్ పార్క్ షాలే అనే కొండ మీది బస దగ్గర్లో నిద్రపోతున్నారు, ఇంకొకరు ట్రౌట్ లేక్ ఒడ్డున. గ్రానైట్ పార్క్ షాలే వెనక తిండి చెత్త పోస్తుంటే రాత్రిపూట ఎలుగులు రావడం, బస చేసినవాళ్లు వాటిని చూసి ఆనందించడం ఆ వేసవంతా నడిచింది. ట్రౌట్ లేక్ వైపు తిరిగిన ఎలుగు బక్కచిక్కి ఉంది, క్యాంపుల్లో తిండి ఎత్తుకెళ్తోందని ముందు నుంచే ఫిర్యాదులున్నాయి. దాన్ని కాల్చాక చూస్తే పళ్లలో గాజుముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. చెత్తలో తిండి వెతుక్కుని వెతుక్కుని అది ఎంత నొప్పితో బతికిందో ఆ గాజుముక్కలే చెబుతాయి. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. ఆ అమ్మాయిలు చేసిన తప్పేమీ లేదు. ఆ ఎలుగుకు మనిషి వాసనంటే తిండి వాసన అని నేర్పింది వాళ్లు కాదు.

తర్వాత గ్లేసియర్‌లో తెచ్చిన చెత్త తిరిగి మోసుకెళ్లాలన్నారు, తిండిని తీగ మీద ఎత్తుగా వేలాడదీసే ఏర్పాట్లు చేశారు, ఎలుగు కనబడితే బాటలు మూసేయడం మొదలుపెట్టారు. ఎల్లోస్టోన్‌లో చెత్తగుట్టలు మూసేయాలని నిర్ణయించారు. అక్కడే పెద్ద గొడవ వచ్చింది. ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే కవల సోదరులు 1959 నుంచి ఎల్లోస్టోన్ గ్రిజ్లీలను పరిశోధిస్తున్నారు. ఎలుగు మెడకు రేడియో పట్టీ కట్టి దాని దారి పట్టుకోవచ్చని చూపించినవాళ్లు వాళ్లే. తరతరాలుగా చెత్త మీద బతికిన జంతువులకు ఒక్కసారిగా తిండి ఆపేస్తే అవి క్యాంపుల మీద పడతాయి, మెల్లగా తగ్గించండి అన్నారు. పార్కు అధికారులు మాత్రం ఎంత తొందరగా మూస్తే కొత్త పిల్లలు అంత తొందరగా అడవి తిండి నేర్చుకుంటాయన్నారు. చివరికి 1970లో అతి పెద్దదైన ట్రౌట్ క్రీక్ గుట్టను కూడా మూసేశారు. సోదరులు చెప్పినట్టే ఎలుగులు క్యాంపుల్లోకి వచ్చాయి, వచ్చినవాటిని చంపారు. 1972లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ఒక యువకుడు చనిపోయాడు. 1975కల్లా ఎల్లోస్టోన్, దాని చుట్టుపక్కల అడవుల్లో మిగిలినవి 136 అని అంచనా. ఆ ఏడాదే గ్రిజ్లీని ప్రమాదంలో ఉన్న జాతిగా చట్టం కిందికి తెచ్చారు.

మూయడం తప్పని నేను అనను. మూసిన పద్ధతికి ఎలుగులు చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు. ఆ తర్వాత చెత్తడబ్బాలు ఎలుగు తెరవలేనివి పెట్టారు, క్యాంపుల్లో ఇనుప పెట్టెలు వచ్చాయి, తిండి పెట్టినవాళ్లకు జరిమానాలు పడ్డాయి. ఇప్పుడు ఆ ప్రాంతంలో గ్రిజ్లీలు వెయ్యి దాకా ఉన్నాయి, పార్కు లోపల వాటివల్ల గాయపడేవాళ్లు సగటున ఏడాదికి ఒక్కరే. ఏడాదికి 48 నుంచి ఒకటికి. చట్టరక్షణ నుంచి తీసేయాలని ప్రభుత్వం 2007లో, 2017లో ప్రయత్నిస్తే రెండుసార్లూ కోర్టులు ఆపాయి.

శరదృతువు సంగతి ఇక్కడే కలుస్తుంది. చెత్త పోయాక ఎలుగులు వెతుక్కున్న తిండిలో గొప్పది వైట్‌బార్క్ పైన్ గింజ. ఈ చెట్టు చాలా ఎత్తున, చెట్లు ఆగిపోయే అంచున పెరుగుతుంది. గింజల నిండా కొవ్వే. ఉడతలు ఆ కాయల్ని కోసి నేల కింద కుప్పలుగా దాచుకుంటాయి, ఎలుగు వచ్చి ఆ కుప్పను తవ్వి తినేస్తుంది. కాయ బాగా కాసిన ఏడాది ఎలుగులు పైనే ఉండిపోతాయి, మనుషులతో పేచీ తక్కువ. కాయని ఏడాది కిందికి దిగుతాయి, గొడవలు పెరుగుతాయి. బెరడు తొలిచే పురుగులు, బయటి నుంచి వచ్చిన ఒక బూజు తెగులు కలిసి ఆ చెట్లను చాలా చోట్ల ఎండబెట్టేశాయి. 2022లో ఆ చెట్టును కూడా ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చాల్సి వచ్చింది. ఇంకో తిండి చిమ్మటలు, అంటే మాత్ అనే రెక్కల పురుగులు. మైదానాల పొలాల నుంచి వేసవిలో అబ్సరోకా కొండల రాళ్లగుట్టల్లోకి ఎగిరొస్తాయి. ఒక్కో గ్రిజ్లీ రోజుకు 40,000 దాకా తినగలదని లెక్కకట్టారు.

సెప్టెంబర్ నుంచి పార్కు చుట్టూ ఉన్న అడవుల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేట మొదలవుతుంది. వేటగాడు చేసేవన్నీ ఎలుగు దేశంలో చేయకూడనివే: చప్పుడు చేయడు, గాలికి ఎదురు నడుస్తాడు, తెల్లవారకముందు, చీకటి పడ్డాక తిరుగుతాడు. కొట్టిన జంతువు పేగులు అక్కడే వదిలేస్తాడు. ఎలుగులకు ఇది తెలిసిపోయింది. ఎల్లోస్టోన్‌కు దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్ పార్కులో ఎల్క్‌ల సంఖ్య తగ్గించే వేటలో పాల్గొనేవాళ్లకు బేర్ స్ప్రే తప్పనిసరి చేసింది ఇందుకే. వేట తెలియని మనం కూడా ఆ అడవిలో నడుస్తున్నప్పుడు కాకులు, గద్దలు ఒకచోట గుమిగూడితే, కుళ్లిన వాసన వస్తే వెనక్కి వచ్చేయాలి. అక్కడ కళేబరం ఉంటే దాన్ని కాస్తూ ఎలుగు కూడా ఉండొచ్చు.

ఆ స్ప్రే మనకు బాగా పరిచయమున్న సరుకే. మిరపకాయకు ఘాటు ఇచ్చే క్యాప్సైసిన్. 1980ల మొదట్లో మొంటానా విశ్వవిద్యాలయంలో క్యారీ హంట్ అనే పరిశోధకురాలు ఎలుగుల్ని చంపకుండా మళ్లించే సాధనాలను పరీక్షిస్తుంటే మిరపఘాటు బాగా పనిచేసింది. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా జరిగిన ఘటనల్ని తర్వాత పరిశీలిస్తే గోధుమరంగు ఎలుగుల (గ్రిజ్లీ కూడా ఈ జాతిదే) మీద 92 శాతం సార్లు స్ప్రే ఫలించింది, స్ప్రే ఉన్నవాళ్లలో 98 శాతం మందికి గాయం కాలేదు. కానీ అది బ్యాగు అడుగున ఉంటే లాభం లేదు, చేతికందేలా నడుముకి ఉండాలి. దోమల మందులా ఒంటికీ గుడారానికీ కొట్టుకునేది కాదు. అలా కొడితే ఆ వాసనకు ఎలుగు దగ్గరికి వచ్చే ప్రమాదం ఉంది. చలికి డబ్బాలో ఒత్తిడి తగ్గి అంత దూరం పోదు కాబట్టి అక్టోబర్‌లో రాత్రిపూట దాన్ని వెచ్చగా ఉంచుకోవాలి. విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి లేదా అద్దెకు తీసుకోవాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలనిపించేది ఒకటుంది. మనం బయటికి వెళ్తే పులిహోర, పూరీలు, ఆవకాయ సీసా, జంతికలు లేనిదే కదలం. తీసుకెళ్లండి. కానీ పోపు వాసన మైళ్ల దూరం పోతుంది, ఎలుగు ముక్కు ముందు మన ముక్కు ఏ మూలకూ రాదు. గుడారంలో పచ్చడి సీసా, పిల్లల దిండు కింద చాక్లెట్, వంటచేసిన బట్టలతోనే పడుకోవడం, ఇవేవీ వద్దు. టూత్‌పేస్టు, కొబ్బరినూనె కూడా ఇనుప పెట్టెలోకే.

ఎలుగు ఎదురైతే పరుగెత్తకూడదు. అది గంటకు 55 కిలోమీటర్ల వేగంతో రాగలదు. మెల్లగా మాట్లాడుతూ వెనక్కి జరగాలి, మీదికి వస్తుంటే స్ప్రే కొట్టాలి. ఉలిక్కిపడి మీద పడ్డ గ్రిజ్లీ అయితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని కదలకుండా ఉండాలి. రాత్రి గుడారంలోకి వచ్చినదైతే మాత్రం చేతికందినదాంతో పోరాడాల్సిందే. అసలు ఎదురుపడకుండా ఉండాలంటే గంటలు కట్టుకోవడం కన్నా మనిషి గొంతు మేలు. ఏ భాషైనా ఫర్వాలేదు.

2023 జూలైలో వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరి దగ్గర ఒక ఆడ గ్రిజ్లీ కాలిబాట మీద ఒక మహిళను చంపింది. ఎంత వెతికినా అప్పుడు దొరకలేదు. సెప్టెంబర్ 2న అదే ఎలుగు పిల్లతో కలిసి ఆ ఊరి దగ్గరే ఒక ఇంటి వంటగది కిటికీలోంచి దూరి కుక్కల తిండి డబ్బా ఎత్తుకెళ్లింది. ఆ రాత్రే దాన్ని కాల్చి చంపారు. దాని పిల్లను పట్టుకుని హెలెనాలోని వన్యప్రాణి కేంద్రానికి తరలించారు.