పక్కపక్కనే దిగే విమానాలు: ఆ అర నిమిషం వెనక కథ

మా పిన్నమ్మది బుచ్చిరెడ్డిపాళెం. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆమె మొదటిసారి వాడి దగ్గరికి వెళ్తూ శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగబోయే ముందు కిటికీలోంచి చూస్తే, పక్కనే ఇంకో విమానం తమతో సమానంగా కిందికి దిగుతూ కనిపించిందట. "అబ్బయ్యా, దాని మీద రాసుండే పేరు కూడా కనపడతా ఉంది. రెండూ గుద్దుకుంటాయేమోనని పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నా" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె భయపడిన విషయం మీద ప్రపంచంలోని విమానయాన సంస్థలు అరవై ఏళ్లకు పైగా లెక్కలు వేస్తూనే ఉన్నాయి.

నెల్లూరు వాళ్లం ఎక్కువగా వెళ్లే చెన్నై మీనంబాకంలో ఈ దృశ్యం కనపడదు. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల మధ్యగీతల నడుమ దూరం 750 అడుగులు, అంటే దాదాపు 229 మీటర్లు. అందుకే ఏళ్లుగా అక్కడ ఆకాశం తేటగా ఉండి, ఒక పైలట్‌కు రెండో విమానం కంటికి కనిపిస్తేనే జంటగా దించేవారు. మంచు పట్టిందంటే దిగే విమానాల సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయేది.

కంటితో పని లేకుండా, పరికరాల మీదే ఆధారపడి రెండు విమానాలను ఒకేసారి దించాలంటే రన్‌వేల మధ్య ఎంత దూరం ఉండాలి? 1960లలో అమెరికా పెట్టుకున్న హద్దు 5,000 అడుగులు. 1974లో దాన్ని 4,300 అడుగులకు, అంటే 1,310 మీటర్లకు తగ్గించారు. ఇప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, తగిన రాడార్ ఉంటే 1,035 మీటర్లు చాలు. జెట్ విమానాలు పెరిగాయి, ఊళ్లు విమానాశ్రయాల గోడల దాకా వచ్చేశాయి, కొత్త రన్‌వేకి స్థలం దొరకడం కష్టమైంది. దూరం తగ్గిన కొద్దీ ఆ భారమంతా రాడార్ మీద, దాన్ని చూసే మనిషి మీద పడింది.

ఆ భారం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. రెండు దారుల మధ్య 610 మీటర్ల వెడల్పున ఎవరూ అడుగు పెట్టకూడని ఒక పట్టీ ఉంటుంది. 1,035లో అది పోగా మిగిలేది 425 మీటర్లు. అంటే ఒక్కో విమానానికి తాను దిగే దారి గీత నుంచి ఆ పట్టీ దాకా ఉన్న చోటు 210 మీటర్ల పైచిలుకు. దిగే విమానం గంటకు 260 కిలోమీటర్ల వేగంతో వస్తూ, దారి తప్పి 30 డిగ్రీలు పక్కకు తిరిగిందనుకోండి. సెకనుకు 36 మీటర్ల చొప్పున పక్కకు జరుగుతుంది. ఆరు సెకన్లలో పట్టీలోకి వచ్చేస్తుంది, అర నిమిషం లోపే రెండో విమానం గీత మీద ఉంటుంది. మామూలు విమానాశ్రయ రాడార్ తెర మీద బొమ్మ మారడానికే అయిదు సెకన్లు పడుతుంది. 1,310 మీటర్ల కంటే దగ్గరగా ఉన్న రన్‌వేలకు రెండున్నర సెకన్లకోసారి చూపించే రాడార్ ఉండాలని నియమం పెట్టింది ఇందుకే. తెర ముందు కూర్చునే కంట్రోలర్‌కు ఆ కాసేపూ ఇంకో పని చెప్పరు.

విమానాలను ఒకదానికొకటి దూరంగా ఉంచే పద్ధతుల్లో మన దేశంలో మార్పు పెద్ద విషాదం తర్వాతే వచ్చింది. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ పైన సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తర్వాత వచ్చే విమానాలకు, పోయే విమానాలకు వేర్వేరు దారులు ఏర్పాటు చేశారు. ఎదురుగా వచ్చే విమానాన్ని గుర్తించి పైకి పో, కిందికి పో అని పైలట్‌కు చెప్పే టీకాస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు. కానీ నేలకు సుమారు వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చాక టీకాస్ అలా ఆదేశాలివ్వదు. కాబట్టి జంటగా దిగే విమానాలకు చివరి ఘట్టంలో ఆ తోడు కూడా ఉండదు.

2017 జూలై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడమ రన్‌వే మూసేసి లైట్లు ఆర్పేశారు. టొరంటో నుంచి వచ్చిన ఎయిర్ కెనడా 759 పైలట్లు వెలుగుతున్న కుడి రన్‌వేని ఎడమదనుకున్నారు, దాని పక్కనున్న టాక్సీవేని, అంటే విమానాలు రన్‌వే దాకా నడిచి వెళ్లే దారిని, కుడి రన్‌వే అనుకున్నారు. ఆ టాక్సీవే మీద నాలుగు విమానాలు ప్రయాణికులతో టేకాఫ్ కోసం బారులు తీరి ఉన్నాయి. దిగాల్సిన విమానం 60 అడుగుల ఎత్తుకు వచ్చి, మళ్లీ పైకి లేచింది. మన ఊళ్లో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తు అది. దర్యాప్తు వాళ్లకు కాక్‌పిట్ మాటల రికార్డు దొరకలేదు. ఘటన గురించి చెప్పేసరికే దాని మీద కొత్త మాటలు రికార్డయిపోయాయి.

2021 మే 12న డెన్వర్ దగ్గరి సెంటెనియల్ విమానాశ్రయంలో అదృష్టం అంతకంటే గట్టిది. రన్‌వే వైపు తిరిగే మలుపులో ఒక చిన్న విమానం తన గీత దాటిపోయి, పక్క రన్‌వేకి వస్తున్న సరుకు రవాణా విమానాన్ని ఢీకొంది. చిన్నది పారాచూట్‌తో దిగింది, రెండోది చీలిపోయిన ఒంటితోనే రన్‌వే చేరింది. ఎవరికీ గాయం కూడా కాలేదు.

ఇక మన పిల్లలు పండక్కి వస్తూ పోతూ ఉండే బెంగళూరు. అక్కడ రెండో రన్‌వే 2019 డిసెంబర్‌లో మొదలైంది. 2022 జనవరి 7 ఉదయం ఉత్తర రన్‌వే నుంచి విమానాలు లేస్తున్నాయి, దక్షిణ రన్‌వేలో దిగుతున్నాయి. మధ్యలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి అన్నిటికీ ఉత్తరపు రన్‌వేనే వాడాలని నిర్ణయించి దక్షిణపుదాన్ని ఆపేశారు. ఆ మాట దక్షిణ టవర్ కంట్రోలర్‌కు చేరలేదు. కోల్‌కతా వెళ్లే విమానం, భువనేశ్వర్ వెళ్లే విమానం కొద్ది నిమిషాల తేడాలో వేర్వేరు రన్‌వేల నుంచి లేచి, ఒకదాని వైపు ఒకటి సాగాయి. రెండింటిలో కలిపి 426 మంది. రాడార్ చూస్తున్న కంట్రోలర్ గమనించి పక్కకు తిరగమని చెప్పబట్టి తప్పింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఈ ఘటన ఏ లాగ్‌బుక్‌లోనూ నమోదు కాలేదని, పై సంస్థకు సమాచారం కూడా వెళ్లలేదని అప్పట్లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులే చెప్పారు. విషయం పత్రికల్లోకి వచ్చింది పది పన్నెండు రోజుల తర్వాత. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాటలు చెరిగిపోయాయి, బెంగళూరులో రాయనే లేదు. 349 ప్రాణాలు పోతే నేర్చుకున్న పాఠం ఒకటి. ఒక్క ప్రాణం పోకుండా ఉచితంగా దొరికిన పాఠాన్ని ఎందుకు పారేసుకోవాలి? తప్పు చేసినవాళ్లు భయపడకుండా చెప్పుకునే వీలు లేకపోతే ఇలాంటివి ఎన్ని జరిగినా బయటికి రావు.

చెన్నైకి రెండో విమానాశ్రయం కాంచీపురం దగ్గర పరందూరులో కట్టాలని ప్రణాళిక ఉంది. అందులో రెండు సమాంతర రన్‌వేలు అనుకుంటున్నారు. అది పూర్తయిన రోజున కావలి నుంచి సూళ్లూరుపేట దాకా ఎన్నో కుటుంబాలు విమానం ఎక్కేది అక్కడే. పిన్నమ్మకు ఈ సంగతులన్నీ చెప్పాను. అంతా విని, "ఆ రోజు బెంగళూరులో చూసి చెప్పిన బిడ్డ ఎవరో, చల్లగా ఉండాల" అంది.