తోలు కోసం చంపి, కంచెలో కాపాడి: అమెరికా బైసన్ వివాదానికి వెనక

చలికాలం ముదిరేసరికి యెల్లోస్టోన్ జాతీయ పార్కులో మంచు పేరుకుపోతుంది. అమెరికా అడవిదున్న అనదగ్గ బైసన్ తన బరువైన తలను అటూ ఇటూ విసురుతూ మంచును పక్కకు నెట్టి, అడుగున ఎండిన గడ్డి అందుకుంటుంది. ఆ విసురుకు బలమంతా మూపురంలోని కండలదే. మంచు మరీ గడ్డకట్టి తల కూడా దిగని రోజుల్లో మందలు పల్లం వెతుక్కుంటూ ఉత్తరాన మోంటానా రాష్ట్రంలోని గార్డినర్ వైపు దిగుతాయి. గొడవంతా అక్కడే. పార్కులో ఉన్నంతసేపు అది వన్యప్రాణి. గీత దాటితే పశువులకు రోగం అంటించే ప్రమాదం. 1996-97 చలికాలంలో అలా దిగివచ్చిన వెయ్యికి పైగా బైసన్లను కాల్చేశారు, లేదా కబేళాకు తోలారు.

ఒకే జంతువుకు ఈ రెండు ముఖాలు ఎలా వచ్చాయో తెలియాలంటే 1870ల దాకా వెళ్లాలి. అంతకుముందు ఉత్తర అమెరికా మైదానాల్లో బైసన్లు 3 కోట్ల నుంచి 6 కోట్ల దాకా ఉండేవని అంచనా. 1871 ప్రాంతంలో వాటి తోలును కార్ఖానా యంత్రాల బెల్టులకు పనికొచ్చేలా శుద్ధి చేసే పద్ధతి దొరికింది. రైలు మార్గాలు అప్పటికే మైదానాల్లోకి చొచ్చుకొస్తున్నాయి. వేటగాడు దూరాన పొంచి కూర్చుని, మందను నడిపించే ఆవును ముందు కాల్చేవాడు. దారి చూపేది కూలగానే మిగతావి ఎటు పోవాలో తెలియక అక్కడే తిరుగాడేవి. ఒక్కొక్కదాన్నీ పడగొట్టి, తోలు ఒలుచుకుని, మాంసం అక్కడే కుళ్లనిచ్చేవారు. తర్వాత ఎముకలను కూడా ఎరువుకు ఏరుకుపోయారు.

ప్రభుత్వానికి ఇదంతా తెలుసు. 1874లో బైసన్ల రక్షణ బిల్లును అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదించినా అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టలేదు. బైసన్ పోతే దాని మీదే బతికే మైదానాల ఆదివాసీ తెగలు, ప్రభుత్వం హద్దులు గీసి కేటాయించిన భూముల (రిజర్వేషన్ల) దారి పడతాయన్నది ఆనాటి అధికారుల లెక్క. తిండి లేకుండా చేసి లొంగదీసుకోవడాన్ని విధానం అనడానికి నాకు నోరు రాదు. 1889లో జంతుశాస్త్రజ్ఞుడు విలియం హార్నడే లెక్కగట్టేసరికి, బోనుల్లో ఉన్నవాటితో కలిపి మిగిలినవి 1,091.

వాటి వంశం నిలిచింది ప్రభుత్వం వల్ల కాదు, కొందరి దొడ్ల వల్ల. టెక్సాస్‌లో మేరీ ఆన్ గుడ్‌నైట్ పట్టుబట్టి దూడలను పెంచింది. మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కు లతాటి అనే పాండొరే తెగ మనిషి కొన్ని దూడలను కొండలు దాటించి తెచ్చాడు. వాటి సంతతిని 1884లో మిషెల్ పాబ్లో, చార్లెస్ అల్లార్డ్ కొని పెద్ద మంద చేశారు. యెల్లోస్టోన్‌లో అడవి బైసన్లు పాతికకు పడిపోయినప్పుడు, 1902లో అక్కడికి చేరిన 18 ఆవులు ఈ మందవే, 3 ఆబోతులు గుడ్‌నైట్ మందవి.

ఫ్లాట్‌హెడ్ భూములను వలసదారులకు తెరవబోతున్నారని తెలిశాక పాబ్లోకు మేపే నేల లేకుండా పోయింది. 1907 నుంచి దాదాపు 700 బైసన్లను కెనడాకు అమ్ముకున్నాడు. మరుసటి ఏడాదే అదే రిజర్వేషన్ నడిబొడ్డున, తెగల సమ్మతి లేకుండా, 18 వేలకు పైగా ఎకరాలు తీసుకుని ప్రభుత్వం జాతీయ బైసన్ రేంజ్ అనే రక్షిత మేతభూమి పెట్టింది. బైసన్‌ను కాపాడిన వాళ్ల నేలనే బైసన్ పేరు చెప్పి లాక్కున్నారు. అది తిరిగి ఆ తెగల చేతికి రావడానికి 2020 డిసెంబరు నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

దొడ్డిలో బతికినందుకు జంతువు కూడా మూల్యం చెల్లించింది. గుడ్‌నైట్ లాంటివారు దృఢమైన మాంసపు పశుజాతి కోసం బైసన్లను మామూలు పశువులతో కలిపారు. యెల్లోస్టోన్ మందతో సహా నేటి బైసన్లలో పశువుల జన్యువుల జాడ కొంత ఉందని 2022లో ఒక పరిశోధన తేల్చింది. ఇప్పుడు ఖండంలోని దాదాపు 4 లక్షల బైసన్లలో అత్యధికం మాంసం కోసం పెంచేవే. అమెరికాలోనే ప్రైవేటు రాంచుల్లో (పశువులను పెంచే పెద్ద మేతక్షేత్రాల్లో) 1.8 లక్షలకు పైగా ఉన్నట్టు 2017 వ్యవసాయ గణన చెప్పింది. గిరాకీ ఉంది కాబట్టే గడ్డిభూములు దున్నకుండా మిగిలాయని రాంచర్లు అంటారు. అది నిజమే. కానీ రాంచర్ సాధువైన కోడెనూ తొందరగా కండపట్టేదాన్నీ ఏరుకుంటాడు. తోడేలు, మంచు ఏరేవి వేరు. తలల లెక్క పెరిగినంత మాత్రాన అడవి జంతువు తిరిగొచ్చినట్టు కాదు.

ఇక బ్రుసెల్లోసిస్. చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే ఈ రోగం బైసన్లకు వచ్చింది పెంపుడు పశువుల నుంచే. యెల్లోస్టోన్ మందలో మొదట బయటపడింది 1917లో. ఎల్క్ దుప్పులకూ అది ఉంది, అవి గీతలు దాటి స్వేచ్ఛగా తిరుగుతాయి. ఇటీవల ఆ ప్రాంతపు పశువులకు సోకిన కేసుల జాడ తీస్తే దుప్పుల దగ్గరే తేలింది. బయలు మేతల్లో బైసన్ నుంచి ఆవుకు అంటినట్టు రుజువైన ఘటన లేదు. అయినా మోంటానా 1995లో కేంద్ర ప్రభుత్వం మీద దావా వేసింది. దాని ఫలితంగా 2000లో ఉమ్మడి ప్రణాళిక వచ్చి, మంద 3,000 దగ్గర ఉండాలన్నారు.

కొన్నేళ్లుగా మరో దారి తెరుచుకుంది. పట్టుకున్న బైసన్లను విడిగా ఉంచి, పదేపదే రక్తపరీక్షలు చేసి, రోగం లేదని తేలినవాటిని మోంటానాలోనే ఉన్న ఫోర్ట్ పెక్ రిజర్వేషన్‌కు పంపుతున్నారు. అక్కడి నుంచి 1992లో ఏర్పడిన తెగల బఫెలో మండలి (అక్కడ బైసన్‌నే బఫెలో అనీ అంటారు) ద్వారా అవి ఇతర తెగలకు చేరుతున్నాయి. 2024లో పార్కు కొత్త ప్రణాళిక తెచ్చి, మంద 3,500 నుంచి 6,000 దాకా ఉండొచ్చని, తెగలకు బదిలీలు పెంచాలని నిర్ణయించింది. మోంటానా మళ్లీ కోర్టుకెక్కింది.