అంతోనివారికి పెయింట్ వేయించకండి

జూన్ 13న కథోలిక క్రైస్తవుల పునీతుడు (సెయింట్) అంతోనివారి పండుగ. మే నెలాఖరు నుంచే నాకు ఫోన్లు. "తాతల నాటి స్వరూపం బాబూ, మాసిపోయింది, కాస్త రంగేసి పెట్టు." స్వరూపం అంటే పునీతుల బొమ్మ. పాత పింగాణీ స్వరూపాలు బాగుచేసేవాణ్ణి. అయినా వద్దనే చెప్తాను.

అపోహ: రంగేస్తే విలువ పెరుగుతుంది.
వాస్తవం: ఉన్నదీ పోతుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్, జర్మనీల్లో చేసిన చాలా పింగాణీ స్వరూపాలు బిస్క్‌వి, అంటే గ్లేజు లేని పింగాణీ. బుగ్గల ఎరుపు, కనుబొమ్మల గీతలు చేత్తో దిద్ది, మళ్లీ బట్టీలో 700-850 డిగ్రీల దగ్గర కాల్చేవారు. వాటి మీద ఎనామిల్ కొడితే ముఖం మొద్దుబారిపోతుంది. పోనీ తీసేద్దామంటే, కొన్నిటికి కాల్చకుండా వేసిన రంగు, బంగారు పూత కూడా ఉంటాయి. అవి పెయింట్‌తో పాటే లేచొస్తాయి. తడిగుడ్డతో రుద్దినా అంతే. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

గుంటూరు వైపు నుంచి ఒక అవ్వ తెచ్చిన అంతోనివారికి మూడు పూతల చాక్లెట్ రంగు! భూతద్దం పెట్టుకుని, దూదిపుల్లతో వారాల తరబడి తీస్తే నడుము తాడుకి మూడు ముడులు బయటపడ్డాయి. అంతోనివారు చేరిన సన్యాస సభ ఫ్రాన్సిస్కన్లది, వాళ్ల మూడు వ్రతాలకు (పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత) గుర్తు అవి. చేతిలోని బాలయేసుకి చెయ్యి విరిగింది. ముక్క కర్చీఫ్‌లో మూటగట్టి తెచ్చింది. "విరిగింది ఇంట్లో ఉంటే కీడంటగా నాయనా?" అని అడిగింది. పక్కింటివాళ్లు అన్నారట! అందుకని స్వరూపాన్ని బియ్యం బస్తా వెనక దాచిందట పాపం. శ్రీసభలో, అంటే కథోలిక చర్చిలో, అలాంటి బోధన ఏదీ లేదు. బాగుచేయడానికి అస్సలు వీల్లేకపోతే గౌరవంగా భూమిలో పాతిపెడతారు, అంతే. ఆమె చేసిన మంచిపని ఏంటంటే, ముక్కని సూపర్ గ్లూతో అంటించకపోవడం.

అపోహ: బరువుంటే పింగాణీయే.
వాస్తవం: చాలావరకు ప్లాస్టర్. అడుగున గోటితో గీకండి, సుద్దపొడి రాలితే ప్లాస్టరే, నీళ్లు తగలనివ్వకండి. పింగాణీది బోలుగా ఉంటుంది, బట్టీలో వేడిగాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది.

అపోహ: అడుగున 'ఫ్రాన్స్' అని ఉంటే చాలా పాతది.
వాస్తవం: దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా పట్టుబట్టింది 1891 నుంచి. ఆ పేరుంటే మామూలుగా ఆ తర్వాతిదే.

ఇక వాట్సాప్‌లో తిరిగే కోట్ల రేట్లు నన్ను అడగకండి. 100 ఏళ్లు దాటినదాన్ని విదేశాలకు పంపి అమ్ముకోవడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం.